కాలు పైనే పెట్టుకో

ఒరేయ్,

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి పళ్లు బిగబట్టడం ఇక్కడిదాకా వినిపించింది. విరిగిన చీలమండకి ఆపరేషన్ అయి ఇంకా నాలుగు రోజులే కదా. "ఓర్చుకుంటున్నాను రా, ఎక్కువ వేసుకుంటే మాత్రలు అలవాటైపోతాయేమో" అన్నావు చూడు, ఆ మాటకే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు. దీన్ని మంచం పక్కన పెట్టుకుని ఓపిక ఉన్నప్పుడు కొంచెం కొంచెం చదువుకో.

నాకు ఇదే ఆపరేషన్ అయినప్పుడు మొదటి రాత్రి నేనూ అలాగే ఓర్చుకుందామనుకున్నాను. నరానికి ఇచ్చిన మత్తు వల్ల ఆ సాయంత్రమంతా అసలు కాలు ఉన్నట్టే తెలియలేదు. ఇంత హాయిగా ఉంటే మాత్ర ఎందుకులే అని రాత్రి వేసుకోవాల్సింది పక్కన పెట్టేశాను. తెల్లవారుజామున మూడింటికి మత్తు దిగింది. ఎముక లోపలి నుంచి ఎవరో సుత్తితో కొడుతున్నట్టు పోటు. అప్పటికప్పుడు మాత్ర మింగినా వెంటనే పనిచేయదు కదా. అక్క నా చెయ్యి పట్టుకుని తెల్లారేదాకా కూర్చుంది. ఆ నొప్పి ఒక దారికి వచ్చేసరికి మర్నాడు మధ్యాహ్నం అయింది. ఆ మత్తు 12 నుంచి 24 గంటల్లో దిగిపోవడం మామూలేనని, దిగేటప్పుడు నొప్పి ఒక్కసారిగా మీద పడుతుందని, అందుకే ముందే మాత్ర వేసుకోవాలని సర్జన్ తర్వాత విడమరిచి చెప్పారు. నీకు ఆ రాత్రి దాటిపోయింది, కానీ ఆ లెక్క ఇప్పటికీ అదే. ఈ మొదటి రోజుల్లో నొప్పి భరించలేనంత అయ్యాక మాత్ర వెతుక్కోకూడదు, అంతదాకా రాకుండానే వేసుకోవాలి.

కాబట్టి పారాసిటమాల్ నీకు రాసిచ్చిన టైముకి గడియారం చూసి వేసుకో, నొప్పి ఉన్నా లేకున్నా. మామూలు ఆరోగ్యం ఉన్న పెద్దవాళ్లకు రోజంతటికీ కలిపి 4 గ్రాములు దాటకూడదు. జలుబు మాత్రల్లో కూడా అదే మందు ఉంటుంది, రెండూ కలిపి వేసేసుకోకు. నువ్వు భయపడుతున్నది ట్రమడాల్ లాంటి గట్టి మందు గురించే కదా? డాక్టర్ చెప్పిన మోతాదులో కొద్ది రోజులు వాడితే అంత టెన్షన్ అక్కర్లేదు. నొప్పి తగ్గుతున్న కొద్దీ ముందు దాన్ని మానేయాలి, పారాసిటమాల్ చివర్లో ఆపాలి. నేను ఆ గట్టి మందును పగలు తగ్గించి రాత్రికి మాత్రమే ఉంచుకున్నాను, ఎందుకంటే నిద్ర లేకపోతే మర్నాడు నొప్పి రెట్టింపు అనిపించేది. ఆ మందుతో మలబద్ధకం మాత్రం చాలామందికి వస్తుంది. మొదటి రోజు నుంచే నీళ్లు బాగా తాగు, విరేచనం సాఫీగా అవ్వడానికి మందు అడిగి తీసుకో. ఐబుప్రోఫెన్ రకం మాత్రలు మాత్రం సొంతంగా మొదలుపెట్టొద్దు. ఎముక అతుక్కునే సమయంలో వాటిని వాడొచ్చా లేదా అన్నదానిపై డాక్టర్లలోనే భేదాభిప్రాయాలున్నాయి, నీ సర్జన్ ఏమంటే అదే చెయ్యి.

ఇక అసలు సంగతికి వస్తాను. మాత్రల కంటే నాకు ఎక్కువ పనిచేసింది కాలు ఎత్తి పెట్టుకోవడం. కుర్చీలో కూర్చుని స్టూలు మీద కాలు పెడితే చాలనుకోకు. నువ్వు పడుకోవాలి, పాదం గుండె కంటే ఎత్తులో ఉండాలి. దిండ్లు పిక్క కింద పెట్టుకో, మడమ గాల్లో తేలుతూ ఉండాలి. మడమ మీదే బరువంతా పడితే కట్టు లోపల పుండు పడుతుంది, పైకి కనిపించదు కూడా. మొదటి రెండు వారాలు బాత్రూమ్‌కీ భోజనానికీ తప్ప కాలు దించలేదు నేను. దించిన రెండు నిమిషాలకే రక్తమంతా కిందికి దిగి, వేళ్లు వంకాయ రంగులోకి మారి, కట్టు పగిలిపోతుందేమో అన్నంత సలుపు వచ్చేది. మొదటిసారి ఆ రంగు చూసి వణికిపోయాను. కాలు పైకెత్తాక కాసేపటికి ఆ రంగు పోయి మామూలుగా అయిపోతే భయం లేదు. చీలమండ దగ్గర చర్మం కింద కండ ఉండదు కదరా, వాపు పెరిగితే కుట్లు లాగేస్తాయి, గాయం మానదు. వాపు తగ్గితే నొప్పీ దానంతట అదే సగానికి దిగుతుంది. ఐస్ కూడా పెట్టుకో, గుడ్డలో చుట్టి 15, 20 నిమిషాలు. కట్టు మందంగా ఉండి చల్లదనం లోపలికి వెళ్లకపోతే మోకాలి వెనక పెట్టుకో. కట్టు మాత్రం తడవకూడదు.

రాత్రుళ్లు పాదం మీద ఉన్నట్టుండి కరెంట్ షాక్ కొట్టినట్టు, లేదా మంటగా అనిపిస్తే అది నరాల పని. కోత పక్కనే చిన్న నరాలు ఉంటాయి, అవి కదిలి, వాచి, మెల్లగా కుదురుకుంటాయి. నాకు రెండో నెల దాకా వస్తూనే ఉంది. దుప్పటి తగిలినా భరించలేనంతగా ఉంటే మాత్రం చెప్పి తీరు, దానికి వేరే మందులున్నాయి.

ఓర్చుకోకూడనివి కొన్ని ఉన్నాయి, ఇది రెండుసార్లు చదువు. మాత్ర వేసుకున్నా, కాలు ఎత్తినా లొంగకుండా పెరిగిపోయే నొప్పి, వేళ్లు కదిపితే ప్రాణం పోయేంత బాధ, వేళ్లు చల్లబడి తెల్లబోవడం లేదా స్పర్శ పోవడం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి వెళ్లు. పిక్క గట్టిపడి నొప్పి పెట్టినా, ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా అంతే, రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. జ్వరం, కట్టు లోంచి చీము లేదా వాసన వస్తే ఆ రోజే ఫోన్ చెయ్యి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మందు ఒక్క పూట కూడా మానకు.

ఇంకొకటి అడగాలి, కోప్పడకు. సిగరెట్ మానేశావా? ప్లేటూ స్క్రూలూ ఎముకను కదలకుండా పట్టుకుంటాయి, అంతే. అతికించుకోవాల్సింది నీ ఒళ్లే, దానికి రక్తం అందాలి. పొగ ఆ సన్నటి రక్తనాళాలనే ముడుచుకుపోయేలా చేస్తుంది, ఎముకా గాయమూ రెండూ ఆలస్యమవుతాయి. నా కోసమైనా ఈ మూడు నెలలు ముట్టుకోకు. నిన్ను ఇంత గట్టిగా ఎప్పుడూ అడగలేదు.

కుట్లు రెండు వారాలకు తీస్తారు, అది చీమ కుట్టినంతే. బరువు మోపడం మాత్రం డాక్టర్ ఎక్స్‌రే చూసి చెప్పేదాకా వద్దు, చాలామందికి ఆరు వారాలు పడుతుంది. చంకకర్రలతో నడిచేటప్పుడు బరువు అరచేతుల మీదే పడాలి, చంకల మీద వాలితే చేతులు తిమ్మిరెక్కుతాయి.

కాలు మొదటిసారి నేల మీద పెట్టే రోజున గుండె దిటవు చేసుకో. విరిగిన చోట కాకుండా అరికాలూ మడమా నొప్పి పెట్టాయి నాకు, గులకరాళ్ల మీద నిలబడ్డట్టు. ఏదో పాడైపోయిందని కంగారుపడ్డాను. ఇన్నాళ్లూ పని లేక మెత్తబడ్డ పాదం అలాగే ఉంటుందని ఫిజియో చెప్పింది. బరువు తూచే మిషన్ మీద పాదం నొక్కి ఎన్ని కిలోలు మోపుతున్నానో చూసుకునేవాణ్ణి. వ్యాయామం చేశాక కాసేపు నొప్పి ఉండి మర్నాటికి తగ్గిపోతే సరే. పొద్దున లేచేసరికి వాపు ఇంకా పెరిగి ఉంటే ఆ రోజు కొంచెం తగ్గించాలి. ఇప్పుడు అయిదో నెల. మెట్లు దిగగలుగుతున్నాను, సాయంత్రానికి మాత్రం ఇప్పటికీ చీలమండ ఉబ్బుతుంది. ఏడాది దాకా అలా ఉండొచ్చని ముందే చెప్పారు కాబట్టి బెంగ లేదు.

పన్నెండో రోజున, ఎందుకో తెలియదు, నేను గంటసేపు ఏడ్చాను. నొప్పికి కాదు, మంచినీళ్లకు కూడా ఎవరినో పిలవాలి కదా, దానికి. నీకూ అలాంటి రోజు వస్తే ఒక్కడివే గోడవైపు తిరిగి పడుకోకు, ఏ వేళయినా సరే నాకు ఫోన్ చెయ్యి.

ఆదివారం పొద్దున్నే వస్తున్నాను. స్నానానికి వాడిన ఎత్తు కుర్చీ, కాలికి తొడుక్కునే ప్లాస్టిక్ సంచి, నా గట్టి దిండ్లు రెండూ తెస్తాను. నీ మెత్తటి దిండ్లు గంటలో అణిగిపోతాయి. మాత్రల చీటీ బయట పెట్టి ఉంచు, ఏది ఎప్పుడో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటిస్తాను. అప్పటిదాకా కాలు దించకు.

నీ వాడే