ఆ బాబు రాసింది 8 కాదు, 4

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

సంక్రాంతి సెలవులు అయిపోయాయి, పిల్లలంతా మళ్లీ బడికి వస్తున్నారు. ఈసారి వార్తాలేఖలో ఒకే ఒక్క విషయం మీతో మనసు విప్పి మాట్లాడాలనుకుంటున్నాను. ఇందులో చెప్పిన పిల్లల గురించి వాళ్ల అమ్మానాన్నలను అడిగి, వాళ్లు సరేనన్నాకే రాస్తున్నాను.

డిసెంబరులో ఇటుక బట్టీల దగ్గరి నుంచి ఆరుగురు పిల్లలు మన బడిలో చేరారు. వాళ్ల కుటుంబాలు ఒడిశాలోని బలాంగీర్, నువాపడా జిల్లాల నుంచి పంటల పని అయ్యాక ఇక్కడికి వస్తాయి, వానలకు ముందు తిరిగి వెళ్తాయి. వెయ్యి ఇటుకలకు ఇంత అని కూలి. ఇంటిల్లిపాదీ బట్టీ దగ్గరే ఉంటారు కాబట్టి పిల్లలకు ఏడాదిలో సగం చదువు పోతుంది.

వాళ్లలో ఒక బాబును వయసును బట్టి మూడో తరగతిలో కూర్చోబెట్టాం. ఆ వారం లెక్కలు నేనే చెప్పాను. 21కి 23 కలపమంటే పలక మీద 88 వేశాడు. తప్పు అన్నాను. తుడిచి మళ్లీ చేశాడు, మళ్లీ అదే. వీడికి కూడికలే రావు, ఒకటో తరగతి పిల్లలతో కూర్చోబెట్టాలేమో అనుకున్నాను. బాబు నా ముఖం చూసి, నాలుగు వేళ్లు ఎత్తి, "చారి, చారి" అన్నాడు. పక్కనున్న తండా పాప లేచి, "మేడమ్, నాలుగు అంటున్నాడు. మా ఇంట్లో చార్ అంటాం" అంది.

ఒడియా అంకెలకు వేరే రూపాలున్నాయి. వాళ్ల 4 చూడటానికి కొంచెం మన 8 లాగా ఉంటుంది. బాబు రాసింది 44. లెక్క సరిగ్గానే చేశాడు, చదవడం రానిది నాకు. పిల్లలందరి ముందే నాది తప్పని చెప్పాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇలా ఎంతమంది పిల్లల సమాధానాలను తప్పని కొట్టేశానో అని ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఆ తండా పాప సంగతీ చెప్పాలి. ఒకటో తరగతిలో చేరినప్పుడు మూడు నెలలు నోరు విప్పలేదు. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. అప్పుడు అందరం మొద్దు అనుకున్న ఆ పాపే ఇప్పుడు తరగతికి దుబాసీ. శరీర భాగాల పాఠం వచ్చినప్పుడు ముక్కు, చెవి చూపించి బాబు "నాక, కాన" అంటే, ఈ పాప "నాక్, కాన్" అంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఒడియా, లంబాడీ రెండూ హిందీ, మరాఠీల కుటుంబానికి చెందిన భాషలు. ఆ రోజు మిగతా పిల్లలు ఒక్కో మాటా మూడు భాషల్లో నేర్చుకుని ఇంటికొచ్చారు. మీ పిల్లలు మీకు చెప్పే ఉంటారు.

అయితే పోయిన వారం ఒక తల్లి ఆఫీసు గదికి వచ్చి, "మా పాప పక్కన ఆ బట్టీ పిల్లాడిని కూర్చోబెట్టకండి మేడమ్, తన చదువు వెనకబడుతుంది" అన్నారు. ఆమె మీద నాకు కోపం లేదు. బిడ్డ గురించి టెన్షన్ పడి అడిగారు. కానీ బెంచీ మార్చలేదు. ఎందుకో మీ అందరికీ చెప్పాలి.

42లోంచి 17 తీసేసేటప్పుడు "పక్క ఇంటి నుంచి ఒకటి అప్పు తెచ్చుకో" అని మనం నేర్పుతాం. వాళ్ల పాపకు ఆ మాట కంఠతా వచ్చు. బాబుకు తెలుగు రాదు కాబట్టి మాటతో చెప్పలేక, పది పుల్లల కట్ట ఒకటి విప్పి, విడి పుల్లలతో కలిపి చూపించింది. అలా విప్పుతున్నప్పుడే "అప్పు అంటే ఇదా!" అంది. అంతవరకు తనకూ అర్థం కాలేదన్నమాట. పక్కన మాట అర్థం కాని స్నేహితుడు లేకపోతే తను ఆ కట్ట విప్పేదే కాదు.

వీళ్లను చేర్చుకోవడం మేం చేసిన దయ కూడా కాదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ రాలేదనో, పుట్టిన తేదీ కాగితం లేదనో, ఏడాది మధ్యలో వచ్చారనో ఏ బిడ్డనూ వెనక్కి పంపకూడదు.

రెండో తరగతిలో చెవి మిషన్ పెట్టుకునే పాప ఉంది. మిషన్ మాటనే కాదు, బెంచీ ఈడ్చిన చప్పుడునూ పెంచుతుంది. అందుకని బెంచీ కాళ్లకు పాత సైకిల్ ట్యూబు ముక్కలు తొడిగించాం. టీచర్లు బోర్డు వైపు తిరిగి మాట్లాడటం మానేశారు. పాపను పిలవాలంటే ముందుకు వచ్చి చెయ్యి ఊపాలని పిల్లలకు నేర్పాం. ఇప్పుడు ఆ గది అంతా నెమ్మదిగా ఉంది, వెనక బెంచీ వాళ్లకూ పాఠం బాగా వినిపిస్తోంది. ఒక్కటే బాధ. ఒకరిద్దరు ఆ పాపను "చెవిటిది" అని పిలుస్తున్నారు. ఆ మాట వాళ్లు బడిలో నేర్చుకున్నది కాదు. దయచేసి ఇంట్లో అనకండి.

మీ బిడ్డ అక్షరాలు తారుమారు చేసి చదువుతున్నా, బోర్డు కనబడటం లేదంటున్నా దాచుకోకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. చదవడం, రాయడంలో వచ్చే ఇబ్బందులు కూడా అందులో ఉన్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉన్న భవిత కేంద్రానికి నేనే మీతో వస్తాను.

మధ్యాహ్న భోజనంలో ఎవరి పక్కన కూర్చోవాలి, ఎవరి పక్కన కూర్చోకూడదు అని పిల్లలకు చెప్పి పంపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఈ బడిలో ఒకటే వరుస. దాని మీద చర్చ లేదు.

ఫిబ్రవరి 21 అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం. ఆ రోజు ప్రతి బిడ్డా తన ఇంటి భాషలో ఒక పొడుపు కథ చెప్పాలి. లంబాడీ, ఒడియా, ఉర్దూ, తెలుగు ఏదైనా సరే. పొడుపు కథలు అమ్మానాన్నల కంటే అవ్వాతాతలకే ఎక్కువ వచ్చు కాబట్టి వాళ్లను తప్పకుండా పంపండి. బట్టీ నుంచి ఒక నాయనమ్మ వస్తానన్నారు. ఆమెకు తెలుగు రాదు. తండా పాప పక్కన నిలబడి చెబుతుంది.

మీ
ప్రధానోపాధ్యాయురాలు