కిడ్నీతో పాటు కండ కూడా చూడండి

సంపాదకుడు గారికి నమస్కారం,

కిడ్నీ జబ్బు గురించి మీ పేపర్లో ఏం వచ్చినా వదలకుండా చదువుతాను, ఇంట్లో పెద్దాయన ఉన్నారు మరి. ప్రతిసారీ ఒకటే మాట, ప్రోటీన్ తగ్గించండి అని. ఎవరు తగ్గించాలి, ఎంతవరకు తగ్గించి ఆపాలి అనేది మాత్రం ఉండదు. డెబ్బై దాటినవాళ్ళకి ఈ సగం మాట చాలా చేటు చేస్తోందండి.

మా నాన్నగారికి హాస్పిటల్లో ఒక ప్రింటెడ్ షీట్ చేతిలో పెట్టారు. గుడ్డు వద్దు, పప్పు వద్దు, పాలు వద్దు, పళ్ళు వద్దు, మరి ఏం తినాలో అందులో ఎక్కడా లేదు. ఆయన భయపడి అన్నీ మానేశారు. కొన్ని నెలలకి పిక్కలు సన్నబడిపోయి, కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాల్సి వచ్చేది, బరువు మాత్రం అలాగే ఉంది, ఎందుకంటే కాళ్ళలో నీరు. పైగా రక్తపరీక్షలో కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ కాస్త తగ్గింది, బాగుంది అన్నారు. క్రియాటినిన్ తయారయ్యేదే కండలోంచి కదా, కండ కరిగితే కిడ్నీ బాగుపడకపోయినా ఆ నంబర్ తగ్గొచ్చు. సిస్టాటిన్ సి అనే రక్తపరీక్షకి కండతో అంత సంబంధం లేదు, ఇలాంటివాళ్ళకి అది చేయించాలి.

కెడిగో అనే కిడ్నీ నిపుణుల సంస్థ 2024లో ఇచ్చిన అంతర్జాతీయ గైడ్‌లైన్స్‌లో కిడ్నీ జబ్బు మూడో స్టేజి నుంచి కేజీ బరువుకి రోజుకి 0.8 గ్రాముల ప్రోటీన్ అని ఉంది, అంటే 60 కేజీల మనిషికి 48 గ్రాములు. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే, పూర్తిగా మానేయమని ఎవరు చెప్పారు? పెద్దవయసులో నీరసించి కండ తగ్గినవాళ్ళకి ప్రోటీనూ క్యాలరీలూ ఇంకాస్త పెంచే ఆలోచన చెయ్యమని కూడా అందులోనే ఉంది. డయాలసిస్ మొదలైతే లెక్కే మారిపోతుంది, ప్రతి సెషన్‌లో అమైనో ఆమ్లాలు బయటికి పోతాయి కాబట్టి కేజీకి 1.0 నుంచి 1.2 గ్రాములు కావాలి, అయినా చాలామంది పాత షీటే పట్టుకుని కూర్చుంటున్నారు.

ఇంకోటి, కడుపుకి చాలినంత తిండి లేకుండా ప్రోటీన్ ఒక్కటే లెక్కపెట్టి లాభం లేదు. కేజీకి 25 నుంచి 35 క్యాలరీలు అందకపోతే, కట్టెలు లేక ఇంటి దూలాలు పొయ్యిలో పెట్టినట్టు ఒళ్ళు తన కండనే కాల్చుకుంటుంది. రక్తంలో ఆమ్లం పెరిగినా కండ కరుగుతుంది, అది తెలియాలంటే రక్తపరీక్షలో బైకార్బొనేట్ ఎంతుందో చూడాలి. ఇంత జాగ్రత్తగా పప్పు మాన్పించేవాళ్ళు ఫాస్ఫేట్ కలిపిన ప్యాకెట్ ఫుడ్ గురించి ఒక్క మాట అనరు, పప్పులో ఫాస్ఫరస్ కన్నా అదే ఒంటికి ఎక్కువ పడుతుంది.

అలాగని ఎవరికి వాళ్ళు ప్రోటీన్ పొడులు కొనుక్కుని తాగమని కాదు, అది ఇంకా ప్రమాదం. ప్రతి కిడ్నీ ఓపీలో డైటీషియన్ ఉండాలి, స్టేజి, షుగర్, పొటాషియం, ఆకలి అన్నీ చూసి మనిషికి తగ్గట్టు రాసివ్వాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమంటే చాలు, 12 సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ పడితే కండ మీద అనుమానం పడాలని 2019 ఆసియా ప్రమాణాలు చెప్తున్నాయి, దానికి మిషన్ కూడా అక్కర్లేదు. డాక్టర్ సరేనంటే బలం పెంచే చిన్న వ్యాయామాలు కూడా తోడవ్వాలి, ఉత్త తిండితో కండ రాదు.

ఈసారి మీ ఆరోగ్యం పేజీలో కిడ్నీ గురించి వేసేటప్పుడు డాక్టర్‌తో పాటు ఒక కిడ్నీ డైటీషియన్‌ చేత కూడా రాయించండి, ఏం మానాలో పక్కనే ఏం తినొచ్చో, ఎంత తినొచ్చో కూడా వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు