డైలు అరగకముందే పగులుతున్నాయి: కొత్త రేట్ల గురించి నాలుగు మాటలు

బాలానగర్‌లోని మా టూల్‌రూమ్ నుంచి కస్టమర్లందరికీ నమస్కారం. వచ్చే నెల నుంచి కోల్డ్ ఫార్మింగ్ డైల (రేకును వేడి చేయకుండా ప్రెస్‌లో నొక్కి ఆకారం తెచ్చే ఉక్కు అచ్చుల) డెలివరీకి మూడు నాలుగు రోజులు ఎక్కువ పడుతుంది, రేటూ కొంత పెరుగుతుంది. స్టీలు ధర పెరిగిందని చెప్పి తప్పించుకోవచ్చు గానీ, అసలు కారణం వేరే ఉంది.

రిపేరుకు వచ్చే డైలలో అరిగినవాటికన్నా పగిలినవే ఎక్కువ. పగులు దాదాపు ఎప్పుడూ లోపలి మూలలోనే పుడుతుంది. పగిలిన ముక్కను లెన్స్ కింద పెడితే మూల దగ్గర గోరంత కూడా లేని నున్నటి మచ్చ, మిగతాదంతా గరుకు. ఆ మచ్చ వేల స్ట్రోకుల (ప్రెస్ దెబ్బల) పాటు మెల్లగా పాకిన పగులు. గరుకు భాగం ఒక్క దెబ్బకు విడిపోయింది. కాబట్టి ఆఖరి స్ట్రోకు కొట్టిన ఆపరేటర్‌ను తిట్టకండి. డీ2 లాంటి గట్టి స్టీలులో పగులు కంటికి కనిపించిందంటే ఆ డై పని అయిపోయినట్టే.

మూల పదునుగా ఉంటే లోడంతా అక్కడే పోగవుతుంది. అక్కడి ఒత్తిడి 10 శాతం తగ్గినా డై ఆయుష్షు రెట్టింపు దాటొచ్చు. అందుకే డ్రాయింగ్‌లో మూలకు రేడియస్ (ఎంత గుండ్రంగా ఉండాలన్న కొలత) లేకపోతే ఇకపై ఫోన్ చేసి అడుగుతాం, విసుక్కోవద్దు.

ఎక్కువ రోజులు పట్టేది వైర్‌కట్, స్పార్క్ (కరెంటు నిప్పురవ్వలతో స్టీలును కోసే, తొలిచే పద్ధతులు) తర్వాతి పనికి. స్పార్క్‌కు కరిగి మళ్లీ గడ్డకట్టిన పలుచని పొర స్టీలు మీద మిగులుతుంది. అది పెళుసు, అందులో సన్న చీలికలూ ఉంటాయి. దాన్ని పాలిష్‌తో పూర్తిగా తీసేసి, టెంపరింగ్ (గట్టిపరిచిన స్టీలు పెళుసుదనం తగ్గించడానికి పెట్టే వేడి) కన్నా కాస్త తక్కువ వేడిలో డైని మళ్లీ ఫర్నేస్‌లో పెడతాం.

హార్డ్‌నెస్ (గట్టిదనం, రాక్‌వెల్ సీ కొలతలో) 62 కావాలని పట్టుబట్టేవాళ్లకు ఒక మాట: లోడు ఎక్కువుండే ఫార్మింగ్‌కు 58 చాలు. అరుగుదల కొంచెం పెరుగుతుంది, నిజమే. అరిగిన డైని మళ్లీ గ్రైండ్ చేసుకోవచ్చు, పగిలినదాన్ని స్క్రాప్‌కు వేయాల్సిందే.

లక్ష స్ట్రోకుల గ్యారంటీ మాత్రం అడగొద్దు. మీ ప్రెస్ ర్యామ్ (కిందికి దిగి కొట్టే భాగం) ఎంత సమంగా దిగుతుందో, ఎప్పుడు రెండు షీట్లు ఒకేసారి పడ్డాయో మాకు తెలియదు. స్ట్రోకుల లెక్క రిజిస్టర్‌లో రాసి డైతో పాటు పంపితే మాకు చాలా పనికొస్తుంది.

పార్ట్‌కు పదును మూల తప్పనిసరైతే డైని సరిగ్గా ఆ మూల దగ్గరే రెండు ముక్కలుగా విడదీసి ఇన్సర్ట్‌లుగా (విడిగా చేసి కలిపి బిగించే ముక్కలుగా) చేసిస్తాం. ఇప్పటికే తీసుకున్న ఆర్డర్లకు పాత రేటే.