సంక్రాంతికి ఊరెళ్తే కుక్క ఎక్కడుంటుంది?: మన సంఘం 2025-26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు వీధికుక్కల కోసం మన సంఘం చేసిన పనుల నివేదిక ఇది. జమాఖర్చులు కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో విడిగా చదువుతారు. రేబిస్ టీకాలు, పిల్లలు పుట్టకుండా కుక్కలకి చేయించే ఆపరేషన్లు, ఎండాకాలం నీళ్ళ తొట్ల పని ఎప్పటిలాగే సాగాయి కాబట్టి వాటి గురించి చివర్లో క్లుప్తంగా చెప్తాను. ఈసారి ఎక్కువ చోటు ఒక్క విషయానికే ఇస్తున్నాను. కుక్క కావాలని వచ్చినవాళ్ళకి ఇచ్చే ముందు మనం ఏమేం చూస్తున్నాం, ఎందుకు చూస్తున్నాం అన్నది. ఏడాది పొడవునా సభ్యులు నన్ను అడిగింది కూడా ఇదే. "ఊరికే ఇచ్చే వీధికుక్క పిల్లకి ఇన్ని ప్రశ్నలేంటండీ, పెళ్ళి సంబంధం చూస్తున్నట్టు" అన్నారు ఒక సభ్యురాలు ఫోన్లో. ఆవిడ అన్నది నిజమే, సంబంధం చూసినట్టే చూస్తున్నాం. బాగా చూసుకుంటే కుక్క పన్నెండు, పదిహేనేళ్ళు బతుకుతుంది. అన్నేళ్ళు ఒక ఇంట్లో ఉండబోయే ప్రాణి తరఫున అడగడానికి మనం తప్ప ఎవరూ లేరు.

వెనక్కి వచ్చినవి

ఈ ఏడాది మనం ఇచ్చిన కుక్కల్లో మూడు వెనక్కి వచ్చాయి. మొదటిది తీసుకున్న దంపతులకి అమెరికా ప్రయాణం కుదిరింది. కనీసం మనకి ఫోన్ చేసి అప్పగించారు, అందుకు వాళ్ళకి కృతజ్ఞతలు. రెండో కుటుంబం అద్దె ఇల్లు మారింది, కొత్త ఓనరు గారు కుక్కంటే ఒప్పుకోలేదు. ఆ రెండూ మళ్ళీ మంచి ఇళ్ళకే చేరాయి.

మూడోది గోధుమరంగు ఆడ కుక్కపిల్ల. దాని గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ తప్పు నాది.

దసరాకి నాలుగు రోజుల ముందు ఒకాయన వచ్చి అడిగారు. ఫోన్లో ఇంటి ఫొటోలు చూపించారు. విశాలమైన ఇల్లు, గేటు, ముందు లాన్. అప్పటికి మా దగ్గర ఏడు పిల్లలున్నాయి, చూసుకునేవాళ్ళంతా పండక్కి ఊళ్ళకి వెళ్ళే హడావిడిలో ఉన్నారు. ఇల్లు వెళ్ళి చూడకుండానే ఇచ్చేశాను. జనవరి చివర్లో ఎవరో తెలియని ఆవిడ ఫోన్ చేశారు, కట్టుబడిలో ఉన్న ఒక బిల్డింగ్ దగ్గర కుక్క అరుస్తూనే ఉందని. వెళ్ళి చూస్తే మన పిల్లే. ఆ ఫొటోల్లోని ఇంట్లో అది ఒక్కరోజు కూడా లేదు. సిమెంటు బస్తాలకి కాపలాగా మొదటి రోజు నుంచీ అక్కడే కట్టేశారు.

దాని మెడకి ఉన్నది మనం కట్టి పంపిన ఎర్ర బెల్టే. మూడు నెలల పిల్లప్పుడు పెట్టిన కన్నం దగ్గరే ఉంది. పిల్ల పెరిగింది, బెల్టు పెరగదు కదా. చుట్టూ చర్మం ఉబ్బి బెల్టు లోపలికి దిగిపోయింది. ఒక పక్క బకిల్ మాత్రమే పైకి కనిపిస్తోంది. డాక్టరు గారు మత్తు ఇచ్చి కత్తిరించి తీశారు. తీసిన బెల్టు నా దగ్గరే ఉంది. సమావేశానికి తెస్తాను.

జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం 1960లో వచ్చింది. పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేసి ఉంచడం, పెంచుకున్న జంతువుని వదిలేయడం రెండూ దాని ప్రకారం నేరాలే. అయితే మొదటిసారి చేసిన నేరానికి జరిమానా 50 రూపాయలు దాటదు. అందుకే జరిగాక స్టేషన్ చుట్టూ తిరగడం కన్నా, ఇచ్చే ముందు ఒక ఆదివారం పూట ఆ ఇంటికి వెళ్ళి రావడం మీద నాకు నమ్మకం ఎక్కువ.

ఇప్పుడు చేస్తున్న పద్ధతి

ఫిబ్రవరి నుంచి ఇల్లు చూడకుండా ఒక్క కుక్కని కూడా ఇవ్వలేదు, వచ్చినవాళ్ళు ఎంత తెలిసినవాళ్ళైనా సరే. వచ్చిన రోజే ఇవ్వడం కూడా మానేశాం. కనీసం మూడు రోజులు ఆగమంటాం. ఈ మూడు రోజుల్లో సగం మంది సరదా తగ్గిపోతుంది, అది మంచిదే. దీపావళికి ముందు రెండు వారాలు దత్తత పూర్తిగా ఆపాలని కూడా తీర్మానించాం. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, పైన టపాకాయల మోత. బెదిరి గేటు దాటిన పిల్లకి తిరిగొచ్చే దారి కూడా తెలియదు.

ఇంటికి వెళ్ళినప్పుడు అన్నిటికన్నా పనికొస్తున్న ప్రశ్న మన కార్యవర్గ సభ్యురాలు ఒకరు మొదలుపెట్టారు. "సంక్రాంతికో దసరాకో ఊరెళ్తే కుక్క ఎక్కడుంటుంది?" కుక్కంటే మీకు ఇష్టమేనా అని అడిగితే ఎవరైనా ఇష్టమనే అంటారు. ఈ ప్రశ్నకి మాత్రం ఇంట్లోవాళ్ళు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుంటారు. "వాచ్‌మన్‌కి చెప్తాం" అంటే వాచ్‌మన్‌ని పిలిచి అడుగుతాం. చాలాసార్లు ఆయనకి ఆ సంగతే తెలియదు. "అక్కయ్య వాళ్ళింట్లో వదుల్తాం" అంటే అక్కయ్య గారికి అక్కడే ఫోన్ చేయమంటాం. అదేం పరీక్ష కాదు. కుక్క వచ్చాక ఇంట్లో ఏం మారుతుందో కుటుంబమంతా ఒకేచోట కూర్చుని మాట్లాడుకునేది చాలా ఇళ్ళలో ఆ పది నిమిషాలే.

ఇంకో ప్రశ్న అడగడానికి ఇబ్బందిగా ఉంటుంది, అయినా అడిగి తీరాలి. ఇంతకుముందు మీ ఇంట్లో కుక్కపిల్ల పోయిందా, ఎలా పోయింది? రక్తవిరేచనాలు, వాంతులతో పోయిందంటే పార్వో అనే వైరస్ జబ్బు అయ్యుండొచ్చు. ఆ వైరస్ నేల మీద నెలల తరబడి బతికే ఉంటుంది. ఫినాయిల్‌తో కడిగితే పోదు, బ్లీచింగ్ కావాలి. అలాంటి ఇంటికి టీకాలు పూర్తికాని పిల్లని ఇవ్వం. టీకాలన్నీ పడిన పెద్ద కుక్కని ఇస్తాం. ఏప్రిల్‌లోనే ఇలా ఒక కుటుంబానికి పిల్ల బదులు రెండేళ్ళ కుక్కని ఇచ్చాం. "పిల్లయితేనే మాకు అలవాటవుతుంది" అని మొదట మొహమాటపడ్డారు. ఇప్పుడు ఆ కుక్క వాళ్ళ తాతగారి మంచం కిందే పడుకుంటుంది.

"మగపిల్లే కావాలి" అనేవాళ్ళు ఇప్పటికీ ఎక్కువే. ఆడకుక్క అంటే ఏడాదికి రెండుసార్లు ఈనుతుందన్న భయం. ఆపరేషన్ బాధ్యత మనదే అని కాగితం మీద రాసిచ్చాక కొందరు మెత్తబడుతున్నారు. దోషానికి నల్ల కుక్కని పెంచమన్నారని వచ్చినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ నమ్మకాన్ని తక్కువ చేసి మాట్లాడొద్దని వాలంటీర్లకి చెప్పాను. కాలనీలో మూడు నల్ల కుక్కలున్నాయి, రోజూ కాస్త పెరుగన్నం పెట్టండి అని చెప్పి పంపుతున్నాం. ఒకాయన ఆర్నెల్లుగా పెడుతూనే ఉన్నారు.

ఇచ్చాక మొదటి వారం, మొదటి నెల, ఆరో నెల వెళ్ళి చూస్తాం. వెళ్ళగానే బెల్టు కింద రెండు వేళ్ళు పెట్టి చూస్తాం. రెండు వేళ్ళూ వదులుగా దూరాలి. ఆ తర్వాతే కబుర్లు.

మేము సరిదిద్దుకున్న ఫారం

మన పాత దరఖాస్తు ఫారంలో మొదటి రెండు ప్రశ్నలు ఇవి: సొంత ఇల్లా అద్దె ఇల్లా? గదులు ఎన్ని? ఈ రెండింటి దగ్గరే చాలామందిని వెనక్కి పంపాం. జూన్‌లో ఒక ఆటో అన్న వచ్చాడు. రెండు గదుల అద్దె ఇల్లు, ముగ్గురు పిల్లలు. ఫారం చూసి కుదరదన్నాం. ఆయన ఏమీ అనలేదు. తర్వాత మూడు వారాలు రోజూ పొద్దున ఒక కుంటి కుక్కని చూడటానికే వచ్చాడు. కారు తగిలి వెనక కాలు పోయిన కుక్క అది. ఎవరూ అడగనిది. చివరికి నేనే అడిగాను, ఊరికి వెళ్ళినప్పుడు ఏం చేస్తావన్నా అని.

"ఏం జేస్త మేడమ్, ఆటోల ఏసుకొని పోత. పోరగాళ్ళు ఎట్లనో అదీ అట్లనే."

ఇంటి ఓనరమ్మ దగ్గరికి మేమే వెళ్ళి మాట్లాడాం. ఆవిడ ఒప్పుకున్నారు. ఇప్పుడా కుక్క పొద్దునపూట ఆటో ముందు సీటు పక్కన కాళ్ళ దగ్గర కూర్చుని స్టాండు దాకా వెళ్తుంది, టీ అయ్యాక ఇంటికి తిరిగొస్తుంది. దసరాకి నిజంగానే ఊరు తీసుకెళ్ళి, బతుకమ్మ పక్కన పిల్లలతో నిలబెట్టి ఫొటో పంపారు. గదుల ప్రశ్న ఫారంలోంచి తీసేశాం. దాని స్థానంలో, పొద్దున, రాత్రి కుక్కతో ఇంట్లో ఎవరుంటారు అని రాశాం. లాన్ ఉన్న ఇంటి ఫొటో చూసి నమ్మి, రెండు గదుల ఇంటిని కాదన్న సంఘం మనది. ఇలా వెనక్కి పంపినవాళ్ళలో ఫోన్ నంబర్లున్న అందరికీ మళ్ళీ ఫోన్ చేశాం.

కొనుక్కునేవాళ్ళకి

కొనే ముందు సలహా అడగడానికి ఈ ఏడాది చాలామంది వచ్చారు, అది సంతోషం. 2017 కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం బ్రీడర్, అంటే కుక్కల్ని ఈనించి పిల్లల్ని అమ్మేవాళ్ళు, రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ అయి ఉండాలి. రెండు నెలలు నిండని పిల్లని అమ్మకూడదు. తల్లికి పద్దెనిమిది నెలలు నిండకుండా ఈనించకూడదు. అమ్మే కుక్కకి మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) ఉండాలి. మనం చెప్పేది ఒకటే, తల్లిని చూపించమనండి. చూపించడానికి తడబడితే వచ్చేయండి. మరో మాట. డబ్బు తీసుకుని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా పిల్లని చేతిలో పెట్టే మనిషికి ఆ పిల్ల మీద ఎంత ప్రేముందో మీకే తెలుస్తుంది. మంచి బ్రీడర్ మిమ్మల్ని మనకన్నా ఎక్కువే అడుగుతాడు.

మేలో రెండు హస్కీలు మన దగ్గరికి వచ్చాయి. చలిదేశం కుక్కలు, రెండు పొరల బొచ్చు. హైదరాబాద్ ఎండలో ఏసీ బిల్లు కట్టలేక తెచ్చి వదిలేశారు. ఆ ఓనర్లు చెడ్డవాళ్ళేం కాదు. అమ్మినవాళ్ళు వాళ్ళని ఏమీ అడగలేదు, వాళ్ళకి ఏమీ చెప్పలేదు.

అపార్ట్‌మెంట్లు, కోర్టు ఉత్తర్వు

పెంపుడు కుక్కల్ని అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. ఆ కాగితం చూపిస్తే గేటు తెరుచుకుంటుంది కానీ పక్క ఫ్లాటు వాళ్ళ భయం పోదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో చిన్న బాబు చనిపోయిన సంగతి ఈ ఊళ్ళో ఏ తల్లీ మర్చిపోలేదు. ఆ భయాన్ని మనం గౌరవించాలి. అందుకే ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు పక్క ఫ్లాటు తలుపు కూడా కొట్టి, టీకాల కార్డు చూపించి మాట్లాడి వస్తున్నాం.

2025 ఆగస్టు 22న వీధికుక్కల విషయంలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులో దత్తత మాట కూడా ఉంది. వీధికుక్కని పెంచుకోవాలనుకునేవాళ్ళు మున్సిపాలిటీకి దరఖాస్తు చేసుకోవచ్చు, కుక్కకి ట్యాగు వేసి వాళ్ళకి ఇస్తారు, అది మళ్ళీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వాళ్ళదే. ఆ వారం మనకి ఫోన్లు ఆగలేదు. జాలితో అడిగినవాళ్ళే ఎక్కువ. కాస్త ఆగి ఆలోచించుకోమన్నాం.

మిగతా పనులు

ఆపరేషన్లు 2023 ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నిబంధనల ప్రకారమే, పట్టిన చోటే తిరిగి వదులుతూ చేయించాం. రేబిస్ టీకాల క్యాంపుకి ఈసారి స్కూలు పిల్లలు సాయం వచ్చారు. నీళ్ళ తొట్లలో కొన్ని పగిలాయి, కొత్తవి కావాలి.

గోధుమరంగు పిల్ల మెడ పుండు మానింది, వెంట్రుకలు ఇంకా పూర్తిగా రాలేదు. బెల్టు చేతిలో పట్టుకుంటే ఇప్పటికీ బల్ల కిందకి పోతుంది, అందుకని మెడకి ఏమీ కట్టకుండా ఛాతీకి పట్టీ వేసి తిప్పుతున్నాం. ఇద్దరు అడిగారు. ఒకరింటికి వచ్చే ఆదివారం పొద్దున ఎనిమిదింటికి వెళ్తున్నాం. కారున్నవాళ్ళు ఒకరు తోడు రావాలి. దానికి కారంటే భయం లేదు, కిటికీ పక్క సీటు ఇస్తే చాలు.

ఇట్లు,
కార్యదర్శి