డబ్ల్యూఆర్‌ఎఫ్ ఇన్‌స్టలేషన్‌లో దారి చూపిన సీనియర్ అక్కకు కృతజ్ఞతలు

2014 అక్టోబర్ 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుఫానును డబ్ల్యూఆర్‌ఎఫ్ వాతావరణ నమూనాలో మళ్ళీ నడిపి చూడడం నా పరిశోధనలో మొదటి పని. ఆ నమూనాను మా సర్వర్‌లో సోర్స్ కోడ్ నుంచి కంపైల్ చేయడానికే, అంటే కంప్యూటర్ నడపగలిగే ప్రోగ్రాంగా మార్చడానికే, పదకొండు రోజులు పట్టింది. తొమ్మిది రోజులు నేను ఒక్కడినే తిప్పలు పడ్డాను. చివరి రెండు రాత్రులు, మా విభాగంలోనే పీహెచ్‌డీ పూర్తిచేసి వెళ్ళిన సీనియర్ అక్క, ఆఫీసు నుంచి వచ్చిన అలసటను కూడా లెక్కచేయకుండా నా స్క్రీన్ చూస్తూ పక్కనుండి నడిపించారు. ఆమెకు అందరి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

కంపైల్ సందేశాలన్నీ చేరే లాగ్ ఫైలులో చివరి ఇరవై లైన్లు పంపితే అక్క వాటిని చూడనే లేదు. "మొదటి ఎర్రర్ ఎక్కడ వచ్చిందో వెతికి పంపు" అన్నారు. ఈ నమూనా కంపైల్ స్క్రిప్టు, ఎర్రర్ వచ్చినా ఆగవద్దని, కంపైల్ పనులను వరుసగా చేయించే మేక్ అనే ప్రోగ్రాంకు ముందే చెబుతుంది. అందుకే ఒక ఫైలు దగ్గర దెబ్బతిన్నా పని సాగిపోయి, చివరికి ఎగ్జిక్యూటబుల్ (నడపగలిగే ప్రోగ్రాం ఫైలు) తయారు కాలేదన్న సంగతి మాత్రమే కనబడుతుంది. అసలు కారణం వేల లైన్లకు పైన ఉంది: డేటా ఫైళ్ళను చదివి రాసే నెట్‌సీడీఎఫ్ లైబ్రరీ మాడ్ ఫైలు (ఫోర్ట్రాన్ మాడ్యూల్ వివరాలను కంపైలర్ రాసిపెట్టే ఫైలు) వేరే వెర్షన్ గ్నూ ఫోర్ట్రాన్ కంపైలర్‌తో తయారైంది కాబట్టి చదవడం కుదరదని.

అక్క ఆ మాడ్ ఫైలు మొదటి లైనును నాచేతనే తెరిపించారు. మాడ్యూల్ వెర్షన్ 10 అని ఉంది. తర్వాత నేను వాడుతున్న జీసీసీ 9తో (గ్నూ కంపైలర్ల సముదాయం, గ్నూ ఫోర్ట్రాన్ అందులోదే) నాలుగు లైన్ల మాడ్యూల్ ఒకటి రాయించి, దాని మాడ్ ఫైలును, కుదించిన ఫైళ్ళను విప్పి చూపే జెడ్‌క్యాట్ కమాండ్‌తో చూడమన్నారు. అక్కడ 15 అని ఉంది. సర్వర్‌లో ముందు నుంచీ ఉన్న నెట్‌సీడీఎఫ్-ఫోర్ట్రాన్‌ను పాత జీసీసీ 4.8.5తో కంపైల్ చేశారు. సి భాషలో లైబ్రరీ వివరాలుండే హెడర్ ఫైలు మామూలు టెక్స్ట్ కాబట్టి ఏ కంపైలరైనా చదువుకుంటుంది; ఫోర్ట్రాన్ మాడ్ ఫైలు అలా కాదు, దాన్ని తయారుచేసిన కంపైలర్ రాతను బట్టి ఉంటుంది. ఈ ఒక్క తేడా తెలియక నేను అన్ని రోజులూ పాత్‌లు (ఫోల్డర్ల చిరునామాలు) మార్చుకుంటూ కూర్చున్నాను. ఆ రాత్రే జెడ్‌లిబ్, హెచ్‌డీఎఫ్5 (ఈ రెండూ నెట్‌సీడీఎఫ్‌కు కావలసిన లైబ్రరీలు), నెట్‌సీడీఎఫ్-సి, నెట్‌సీడీఎఫ్-ఫోర్ట్రాన్, ఈ వరుసలోనే, అన్నిటినీ జీసీసీ 9తో నా హోమ్ డైరెక్టరీలో ఒకే ఫోల్డర్‌లోకి కంపైల్ చేశాం.

మర్నాడు నాలుగు ఎగ్జిక్యూటబుల్స్ వచ్చాయి కానీ, నడపగానే హెచ్‌డీఎఫ్5 వెర్షన్లు కలవడం లేదంటూ ప్రోగ్రాం ఆగిపోయింది: హెడర్లు 1.10.5, లైబ్రరీ 1.10.4. ప్రోగ్రాం ఏ లైబ్రరీని ఎక్కడి నుంచి తీసుకుంటోందో చూపే ఎల్‌డీడీ కమాండ్‌ను అక్క కొట్టమన్నారు. హెచ్‌డీఎఫ్5 లైబ్రరీ మేం కంపైల్ చేసిన ఫోల్డర్ నుంచి కాక అనకొండా (పైథాన్ ప్యాకేజీల సముదాయం) ఫోల్డర్ నుంచి వస్తోంది. దానికి కారణం, రెండేళ్ళ క్రితం పైథాన్ గ్రాఫుల కోసం నా బాష్‌ఆర్‌సీలో (లాగిన్ సెట్టింగుల ఫైలు) లైబ్రరీ పాత్‌కు, అంటే లైబ్రరీలను వెతికే ఫోల్డర్ల జాబితాకు, నేనే కలిపిన లైను. తీసేసి మళ్ళీ లాగిన్ అవగానే ప్రోగ్రాం చివరిదాకా నడిచింది.

కంపైల్ అయిన ఫోల్డర్‌నే పంపి ఊరుకోవచ్చు, అక్క అలా చేయలేదు. ప్రతి కమాండ్ కొట్టేముందు ఏం వస్తుందనుకుంటున్నావని నన్ను అడిగారు; తప్పు చెప్పినా విసుక్కోకుండా, ఎందుకు కాదో ఓపికగా చెప్పారు. అందుకు ఆమెకు నేనెంతో రుణపడి ఉన్నాను. అడగగానే నా డిస్క్ కోటా పెంచిన సర్వర్ అడ్మిన్ గారికి కూడా ధన్యవాదాలు. మేం వాడిన వెర్షన్లు, కాన్ఫిగర్ ఆప్షన్లు, కంపైల్ చేసిన వరుస విభాగం ఉమ్మడి ఫోల్డర్‌లో పెట్టాను. జూనియర్లు అక్కడ చూడవచ్చు.