చెరువు హద్దు తేల్చాకే లేఅవుట్ సంగతి

సంపాదకులకు,

అనంతపురం నగర శివారులో మా కాలనీని ఆనుకొని ఉన్న చెరువుకు ఎగువన, వంక నీళ్ళు చెరువులోకి దిగే చోట, దాదాపు 12 ఎకరాల్లో కొత్తగా ఇళ్ళ స్థలాల లేఅవుట్ వేస్తున్నారు. ఎర్రమట్టి రోడ్లు పోశారు, పసుపు రంగు రాళ్ళు పాతి నంబర్లు వేశారు. అనుమతి దరఖాస్తు ఇంకా పరిశీలనలోనే ఉందని కార్యాలయంలో అంటున్నారు గానీ సెంటు ఇంత అని బేరాలు అప్పుడే నడుస్తున్నాయి. ఆ భూమి ఎవరిదన్న తగాదా తేల్చమని నేను ఈ లేఖ రాయడం లేదు. అది పట్టా భూమే కావచ్చు. నీళ్ళు తీసిన ఏడు అక్కడ కొందరు జొన్న, శనగ వేసుకోవడం నేనూ చూశాను. చెరువు నిండినప్పుడు నీళ్ళు ఎంతవరకు నిలుస్తాయో కొలిపించి, ఆ హద్దు వెంట రాళ్ళు పాతించి, ఆ పటాన్ని అందరికీ కనిపించేలా పెట్టిన తరువాతే అనుమతి విషయం తేల్చాలన్నదే నా విన్నపం.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే జిల్లాలో చెరువు నిండడం గురించి మాట్లాడితే నవ్వేవాళ్ళు ఉంటారు. నేను ఈ ఇంట్లో చేరి 19 ఏళ్ళు. ఇన్నేళ్ళలో మా చెరువు నిండి, అదనపు నీళ్ళు బయటికి పోయే మరువ పారింది మూడుసార్లే. మిగతా కాలమంతా పగుళ్ళు వారిన నల్లమట్టి, మేకల మంద, సాయంత్రం పూట క్రికెట్టు ఆడే పిల్లలు. ప్లాటు చూడడానికి వచ్చేవాళ్ళు ఎండాకాలంలో కారు దిగి, ఇంత చదునైన నేల ఊరికి ఇంత దగ్గరలో దొరకడం అదృష్టమనుకుంటారు. వాళ్ళను తప్పు పట్టలేం. వాళ్ళకు చెప్పవలసినవాళ్ళు చెప్పడం లేదు.

2022 అక్టోబరులో నగరం గుండా పారే నడిమివంక పొంగి కాలనీలు మునిగిన రోజుల్లో మా చెరువు కూడా నిండింది. నీళ్ళు తీశాక అటు నడిచి వెళితే, ఇప్పుడు 57వ నంబరు రాయి పాతిన చోట అప్పట్లో నిలబడి ఉన్న సర్కారు తుమ్మ చెట్టుకు నా ఛాతీ ఎత్తున ఎండిన జమ్ము, ప్లాస్టిక్ సంచులు, ఒక రబ్బరు చెప్పు చిక్కుకొని కనిపించాయి. మొన్న వేసవిలో జేసీబీతో ఆ చెట్లన్నీ పెకిలించి చదును చేశారు. నీటి ఎత్తుకు సాక్ష్యంగా ఉన్న ఆనవాలు వాటితోనే పోయింది. పక్క గ్రామంలో ఒకప్పుడు నీరుగంటిగా, అంటే చెరువు నీళ్ళను పొలాలకు వదిలే మనిషిగా, పనిచేసిన పెద్దాయనను తీసుకెళ్ళి అడిగితే, ఆయన రాళ్ళ వైపు చూడనే లేదు. వంక ఒడ్డున ఉన్న నల్లగుండు చూపించి, దాని నడుము తడిస్తే మరువ పారినట్టే లెక్క అన్నారు. ఆ గుండుకు, చెరువుకు మధ్యలో నేను లెక్కపెట్టిన ప్లాట్లు 80కి పైగా ఉన్నాయి. ఒక పెద్దమనిషి మాట సర్వేకు సాటి కాదని నాకు తెలుసు, అందుకే సర్వే చేయించమంటున్నాను.

మెరక పోస్తున్నాం కదా, ఇక ముంపు ఎక్కడిది అన్నది లేఅవుట్ వాళ్ళ జవాబు. మెరక పోస్తే ఆ ప్లాటు మునగకపోవచ్చు, కానీ అక్కడ నిలవవలసిన నీళ్ళు ఇంకో చోటికి పోవాలి. ఎకరానికి ఒక మీటరు ఎత్తున మట్టి పోస్తే దాదాపు 40 లక్షల లీటర్ల నీటికి చోటు పోతుంది. పన్నెండు ఎకరాలకు లెక్క వేస్తే 4 కోట్ల 80 లక్షల లీటర్లు దాటుతుంది. వేసవిలో మా వీధికి వచ్చే పదివేల లీటర్ల ట్యాంకర్లతో చెప్పాలంటే 4,800కు పైగా ట్యాంకర్లు. ఆ మేరకు చెరువు ముందే నిండి, మరువ ముందే పారి, మరువ కాలువ వెంట ఉన్న మా ఇళ్ళ మీదికి నీళ్ళు ముందే వస్తాయి. ఇది చాలదన్నట్టు, లేఅవుట్ రోడ్డు వంకను దాటే చోట రెండు సిమెంటు పైపులు వేసి పైన మట్టి కప్పారు. టేపు పెట్టి కొలిస్తే ఒక్కో పైపు వెడల్పు రెండున్నర అడుగులు, దానికి యాభై గజాల ఎగువన వంక వెడల్పు 31 అడుగులు. జడివానకు కొట్టుకొచ్చే తుమ్మ కంపతో ఆ పైపులు మూసుకుపోవడానికి ఎంతో సేపు పట్టదు.

అక్కడ కొనబోయేవాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. చెరువు ఒండ్రు మట్టి తడికి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుంటుంది. పైన మూడడుగుల ఎర్రమట్టి పరిచినంత మాత్రాన కింది నేల గుణం మారదు. అలాంటి నేల మీద మామూలు పునాదితో లేపిన గోడ కొన్ని వేసవులు గడిచేసరికి కిటికీ మూలల నుంచి ఐమూలగా చీలవచ్చు.

చట్టం సంగతికి వస్తే, మొదట మేమే పొరపాటు పడ్డాం. చిత్తడి నేలల పరిరక్షణకు కేంద్రం 2017లో తెచ్చిన నియమాలు పట్టుకొని ఒక కార్యాలయానికి వెళ్ళాం. తాగునీటికి, సాగునీటికి మనుషులు కట్టుకున్న జలాశయాలు ఆ నిర్వచనంలోకి రావని అక్కడి అధికారి ఓపికగానే చదివి వినిపించారు. రాయలసీమలో చెరువులు దాదాపు అన్నీ మనుషులు కట్టినవే కాబట్టి, ఎంత జమ్ము మొలిచినా, ఎన్ని కొంగలు వాలినా, ఆ నియమాల లెక్కలో మా చెరువు అంచు చిత్తడి నేల కాదు. ఆ అధికారి మాట నిజమే, కానీ అంతటితో ప్రశ్న ముగిసిపోదు. చెరువు పూర్తి నీటిమట్టం లోపల నిర్మాణం కూడదని, చెరువు 10 హెక్టార్లు అంతకు మించితే హద్దు నుంచి 30 మీటర్లు, లేకపోతే 9 మీటర్లు వదలాలని రాష్ట్ర భవన నిర్మాణ నియమాలు 2017లో చెప్పాయి. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు రాష్ట్రం తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం కూడా ఉంది. చెరువులో కొంత భాగం పూడి చదునైపోయింది, ఇక ఇళ్ళ స్థలాలకు పనికొస్తుంది అన్న వాదన 2001లో హించ్ లాల్ తివారీ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వస్తే కోర్టు దాన్ని ఒప్పుకోలేదు. అక్కడిది ఊరుమ్మడి కుంట, ఇక్కడిది పట్టా అనవచ్చు. నీటిమట్టం లోపల కట్టకూడదన్న నియమానికి మాత్రం పట్టా మినహాయింపు కాదు. అసలు ఆ మట్టం ఎక్కడిదాకా ఉందో చెప్పే రాయి ఒక్కటీ లేనప్పుడు ముప్పై మీటర్లు ఎక్కడి నుంచి కొలుస్తారు?

చెరువు ఇక నిండదన్న ధీమా కూడా తగదు. శ్రీశైలం నుంచి హంద్రీ-నీవా కాలువ నీళ్ళు మన జిల్లాలోని జీడిపల్లి జలాశయానికి చేరడం మొదలైన తరువాత జిల్లాలో చెరువులు నింపాలని రైతులు ఏటా అడుగుతున్నారు. రేపు మా చెరువు వంతు వస్తే, ఇళ్ళు మునుగుతాయని చెప్పి నీళ్ళు ఆపవలసి వస్తుంది. బుక్కరాయసముద్రం చెరువు తెగబోతే ముసలమ్మ ప్రాణమిచ్చి కట్టను నిలిపిందని చెప్పుకొని నేటికీ మొక్కుతున్నవాళ్ళం, చెరువులో నీళ్ళు వద్దని అర్జీ పెట్టుకునే రోజు తెచ్చుకోకూడదు.

మీరు కట్టుకున్నారు, మమ్మల్ని వద్దంటారా అని ఒక యువకుడు మొన్న నా ఎదుటే అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. మా కాలనీ కూడా ఒకప్పుడు ఇదే చెరువు ఆయకట్టు. వరి పండిన మళ్ళలోనే మా పునాదులు ఉన్నాయి. మరువ కాలువను సన్నం చేసినవాళ్ళలో మేమూ ఉన్నాం. అందుకే కొలత కొత్త లేఅవుట్ దగ్గర ఆగకుండా మరువ కాలువ చివరిదాకా రావాలని అధికారులకు పెట్టిన అర్జీలో రాశాం. ఆ కొలతలో హద్దు తమ ప్రహరీ లోపల పడితే గోడ వెనక్కి జరుపుకుంటామని 44 ఇళ్ళవాళ్ళలో 38 మంది సంతకాలు చేశారు. తక్కిన ఆరుగురితో ఇంకా మాట్లాడుతున్నాం. నా ఇంటి గేటు, దాని పక్కన మా ఆవిడ పెంచిన కరివేపాకు చెట్టు కాలువకు నాలుగడుగుల దూరంలోనే ఉన్నాయి. అవి పోతాయని తెలిసే సంతకం చేశాను. సర్వేయరు గొలుసు తీసుకొని ఎప్పుడు వస్తారో అధికారులు తేదీ చెప్పాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అనంతపురం