గ్లాస్‌నౌ వేసిన మూడు బంతులు

పిట్స్‌బర్గ్
13 నవంబర్ 2025

చిన్నా,

నువ్వు పంపిన ఫోటో చూశాను. డాడ్జర్స్ బేస్‌బాల్ టోపీ నీకు బాగుంది, నాకేం కోపం లేదు. లాస్ ఏంజెలిస్‌లో చదువుకుంటున్నావు, హాస్టల్ అంతా సంబరంగా ఉంటే నువ్వొక్కడివే మూల కూర్చోవాలని నేనెందుకంటాను. కానీ ఫోటో కింద నువ్వు రాసిన మాట దగ్గరే ఆగిపోయాను. "అమ్మా, మీ పిట్స్‌బర్గ్ పైరేట్స్‌ని ఇక వదిలెయ్, చిన్న ఊరి టీమ్, డబ్బుల్లేవు, వాళ్లు మాత్రం ఏం చేస్తారు" అన్నావు. వదిలెయ్యమన్నందుకు కాదు, వాళ్లు మాత్రం ఏం చేస్తారు అన్నందుకు నాకు మనసు ఊరుకోలేదు. ఫోన్లో చెబుదామంటే నీకు క్లాసులు, నాకు డ్యూటీ, పైగా మూడు గంటల తేడా. అందుకే కూర్చుని రాస్తున్నాను.

అక్టోబర్ 31 రాత్రి వరల్డ్ సిరీస్, అదే బేస్‌బాల్ ఫైనల్స్, ఆరో మ్యాచ్ నేనూ చూశాను. హాలోవీన్ కదా, చాక్లెట్ల కోసం వచ్చే పిల్లలు అయిపోయాక, మిగిలిన గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. తొమ్మిదో ఇన్నింగ్స్, మీవాళ్లు 3-1తో ముందున్నారు, టొరంటో వాళ్లు సెకండ్ బేస్‌లో ఒకడు, థర్డ్ బేస్‌లో ఒకడు, ఇంకా ఒక్క ఔట్ కూడా లేదు. అప్పుడు లోపల్నుంచి పొడుగ్గా నడిచొచ్చాడు మీ పిచ్చర్, బంతి వేసే టైలర్ గ్లాస్‌నౌ. మొదటి బంతికే ఒకడు గాల్లోకి లేపి ఔటయ్యాడు. తర్వాతివాడు లెఫ్ట్ ఫీల్డ్‌లోకి కొడితే మీ హెర్నాండెజ్ పరుగెత్తుకొచ్చి పట్టి సెకండ్ బేస్‌కి విసిరాడు, అక్కడి టొరంటోవాడు వెనక్కి బేస్ చేరుకోలేక అతనూ ఔటయ్యాడు. మూడే మూడు బంతులు, ఆట అయిపోయింది. నువ్వు ఎగిరి గంతేసి ఉంటావు. నాకు మాత్రం కడుపు తరుక్కుపోయింది. ఆ పిల్లాడు మనవాడు కదా. టీములన్నీ వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే 2011 డ్రాఫ్ట్‌లో ఐదో రౌండ్‌లో మనవాళ్లే తెచ్చుకున్నారు, ఏడేళ్లు పెంచారు, బంతి అదుపులోకి రావడం లేదని మొదటి ఇన్నింగ్స్ నుంచి వేయించడం మానేసి మధ్యలో దింపుతూ వచ్చారు, చివరికి 2018 జులై 31న టాంపా బే టీమ్‌కి పంపించేశారు. అతనితో పాటు ఆస్టిన్ మెడోస్‌ని, ఆ తర్వాత షేన్ బాజ్‌ని కూడా. ముగ్గుర్నీ ఇచ్చి తెచ్చుకున్నది క్రిస్ ఆర్చర్ అనే ఒక్క పిచ్చర్‌ని. అతను ఇక్కడ సరిగ్గా ఆడింది లేదు, 2020 మొత్తం సర్జరీతో పోయింది, ఆ ఏడాది చివర కాంట్రాక్ట్ పొడిగించకుండా వదిలేశారు. విత్తనాలకని దాచిన వడ్లు అమ్ముకున్నట్టయింది. దీనికీ మన ఊరు చిన్నదవడానికీ ఏం సంబంధం, చెప్పు. ఆ ముగ్గురి జీతాలు అప్పటికి చాలా తక్కువ. డబ్బు లేక చేసిన పని కాదది, చూపు లేక చేసిన పని.

డబ్బు తేడా లేదని నేననను. తెనాలి నుంచి తాతయ్య ఫోన్ చేసినప్పుడల్లా ఇదే అడుగుతారు, మంచివాళ్లనందర్నీ ఎందుకమ్మా అమ్ముకుంటారు అని. ఐపీఎల్‌లో అయితే అందరి పర్సూ ఒకటే, 2025 వేలానికి ప్రతి టీమ్‌కీ 120 కోట్లు, సన్‌రైజర్స్ అయినా ముంబై అయినా ఒకటే లెక్క. ఇక్కడ అలాంటి పై హద్దే లేదు, ఓ గీత దాటితే టాక్స్ కడతారంతే. డాడ్జర్స్ వాళ్లకి లోకల్ టీవీ ఒప్పందం ఒక్కటే 25 ఏళ్లకి 835 కోట్ల డాలర్లు. ఒటానీకి పదేళ్లకి 70 కోట్ల డాలర్లు రాసిచ్చారు, యమమోటోకి 32.5 కోట్లు. మన టీమ్ చరిత్రలో ఈ 2025 దాకా పెద్ద కాంట్రాక్ట్ బ్రయన్ రెనాల్డ్స్‌ది, ఎనిమిదేళ్లకి 10.675 కోట్లు. ఇవన్నీ చెప్పాక తాతయ్య కాసేపు మాట్లాడలేదు, తర్వాత "మరి రషీద్ ఖాన్‌ని వదులుకున్న సన్‌రైజర్స్‌కి పర్సు తక్కువైందా" అన్నారు. నాకు ఆ మాట సరిగ్గా తగిలింది. పర్సు సమానంగా ఉన్నా తప్పులు చేసేవాళ్లు చేస్తారు, తక్కువగా ఉన్నవాళ్లయితే మరీ ఆచితూచి అడుగెయ్యాలి.

మిల్వాకీని చూడు. ఈ ఆట ఆడే ఊళ్లలో టీవీ మార్కెట్ లెక్కన అంత చిన్నది ఇంకోటి లేదు. మంచి పిచ్చర్ కార్బిన్ బర్న్స్‌ని అమ్మేశారు, ఏడాది తిరక్కుండానే ఇంకో పిచ్చర్ డెవిన్ విలియమ్స్‌ని న్యూయార్క్ యాంకీస్‌కి ఇచ్చేశారు, అయినా ఈ ఏడాది 97 మ్యాచ్‌లు గెలిచారు, మొత్తం లీగుల్లో అదే ఎక్కువ. విలియమ్స్‌ని ఇచ్చి తెచ్చుకున్న కేలెబ్ డర్బిన్ వాళ్ల థర్డ్ బేస్‌లో ఏప్రిల్ నుంచి నిలబడ్డాడు. చివరికి డాడ్జర్స్ చేతిలో నాలుగుకి నాలుగూ ఓడిపోయారుగా అంటావు నువ్వు, ఒప్పుకుంటాను. కానీ అక్టోబర్‌లో ఓడిపోవడం వేరు, మేలోనే చేతులెత్తెయ్యడం వేరు.

నీకు గుర్తుందో లేదో, 2018 జనవరి 15. సంక్రాంతి రోజులు, మార్టిన్ లూథర్ కింగ్ సెలవని నువ్వు ఇంట్లోనే ఉన్నావు. నేను అరిసెలు వత్తుతున్నాను, పొయ్యి మీద నూనె కాగుతోంది. నువ్వు ఐప్యాడ్ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి "అమ్మా, కచ్‌ని పంపించేశారు" అన్నావు. పదకొండేళ్లు నీకు. ఏడుస్తావనుకున్నాను, ఏడవలేదు. నీ ఒంటి మీదున్న, మన కచ్ అంటే ఆండ్రూ మెకచెన్ వేసుకునే 22 నంబర్ జెర్సీ అక్కడే విప్పి, చేతులు లోపలికి మడిచి, షాపులో పెట్టినట్టు చక్కగా మడతపెట్టి నా చేతికిచ్చి వెళ్లిపోయావు. నేను చూస్తుండిపోయాను, ఆ వాయి మాడిపోయింది. అప్పటికి రెండ్రోజుల ముందే పిచ్చర్ గెరిట్ కోల్‌ని హ్యూస్టన్‌కి పంపించారు. ఇంకా రెండేళ్లు మన దగ్గరుండాల్సినవాడు.

ఇన్నేళ్ల తర్వాత ఆలోచిస్తే మెకచెన్‌ని పంపడం మీద నాకంత కోపం లేదు, ఈ మాట నీతో ఎప్పుడూ అనలేదు. ఒక్క ఏడాదిలో కాంట్రాక్ట్ అయిపోతుంది, వయసు 31, అతని బదులు వచ్చినవాళ్లలో రెనాల్డ్స్ ఉన్నాడు. కష్టమైనా లెక్క కుదిరింది. అసలు తప్పు అంతకు రెండేళ్ల ముందే జరిగింది, నువ్వప్పుడు మరీ చిన్నవాడివి.

1993 నుంచి 2012 దాకా మన టీమ్‌కి వరసగా ఇరవై సీజన్లు ఓడినవే ఎక్కువ. మేం ఈ ఊరు వచ్చినప్పుడు ఆఫీసులో ఎవరూ బేస్‌బాల్ మాటే ఎత్తేవాళ్లు కాదు. 2013లో ఆ గ్రహణం విడిచింది, 94 గెలుపులు, సిన్సినాటీతో ఓడితే ఇంటికే అన్న ఆ ఒక్క మ్యాచ్‌లో జనం పేరు పెట్టి అరుస్తుంటే వాళ్ల పిచ్చర్ క్వేటో చేతిలోంచి బంతి జారి కిందపడింది, మరుసటి బంతికే మన రస్సెల్ మార్టిన్ హోమ్ రన్, క్రికెట్‌లో సిక్సర్ లాంటిది. మీ నాన్న జన్మలో అరవనంతగా అరిచారు. 2015కి 98 గెలుపులు. 98! ఒక్క మ్యాచ్‌లో షికాగో మీద ఓడి బయటకొచ్చారు, సరే, ఆటన్నాక అది మామూలే. తర్వాతి చలికాలంలో ఏం చేశారో చూడు. మన దగ్గర తొమ్మిది ఇన్నింగ్స్‌కి 1.85 పరుగులే ఇచ్చే సగటుతో వేసిన పిచ్చర్ జే హ్యాప్ టొరంటోకి వెళ్తుంటే ఆపలేదు, మూడేళ్లకి 3.6 కోట్లిస్తే ఉండేవాడేమో, మరుసటేడు అతను అక్కడ 20 మ్యాచ్‌లు గెలిచాడు. మన ఊరి పిల్లాడు, పైన్ రిచ్‌లండ్ స్కూల్లో చదివిన నీల్ వాకర్‌ని న్యూయార్క్ మెట్స్‌కి ఇచ్చి పిచ్చర్ జాన్ నీస్‌ని తెచ్చుకున్నారు, ఆ నీస్ ఆగస్టుకల్లా మళ్లీ మెట్స్‌కే వెళ్లిపోయాడు. 98 నుంచి 78కి పడ్డారు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని అమ్మమ్మ అంటుండేది కదా, ఇంటి నిండా వెలుగున్న ఆ ఒక్క చలికాలంలో చెయ్యాల్సిన ఖర్చు చెయ్యలేదు. నా దృష్టిలో మెకచెన్, కోల్, గ్లాస్‌నౌ అందరూ వెళ్లిపోవడం అక్కడే మొదలైంది.

ఇప్పుడు మళ్లీ దీపం వెలిగింది. నిన్న రాత్రి మన పాల్ స్కీన్స్‌కి లీగులో మేటి పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఇచ్చారు, ఓటేసిన ముప్ఫై మందీ అతన్నే మొదట పెట్టారు. 1.97 సగటు, 216 స్ట్రైకౌట్లు, అయినా గెలుపులు పది, ఓటములు పది. ఎందుకంటే మనవాళ్లు పరుగులు కొట్టరు. ఏడాదంతా కలిపి 117 హోమ్ రన్‌లు, ముప్ఫై టీముల్లో అందరికంటే తక్కువ. జూన్‌లో స్కీన్స్ వేసిన ఓ రోజు నేను స్టేడియంలో ఉన్నాను, ఇన్నింగ్స్ అయ్యాక వచ్చి బెంచీ చివర కూర్చుని, తువ్వాలు భుజాన వేసుకుని, మనవాళ్లు వరసగా ముగ్గురు ఔటయ్యేదాకా చూసి, ఏమీ అనకుండా మళ్లీ లేచి వెళ్లాడు. ఆ లేవడం నా కళ్లల్లో ఉండిపోయింది. అతనికి ఈ ఏడాది జీతం 9 లక్షల డాలర్లు కూడా లేదు. మొదటేడే కొత్త ఆటగాళ్లకిచ్చే రూకీ అవార్డు రావడంతో ఆ సీజన్ టీమ్‌తో ఉండాల్సిన ఏళ్లలో నిండు సంవత్సరంగా లెక్కలోకి వచ్చింది, అంటే 2029 తర్వాత అతను ఎక్కడికైనా వెళ్లొచ్చు. నాలుగు సీజన్లు, అంతే మన చేతిలో ఉన్నది.

మరి జులైలో ఏం చేశారు. ఎనిమిదేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చిన కీబ్రయన్ హేస్‌ని సిన్సినాటీకి పంపించారు, అతని బ్యాట్ పనిచెయ్యట్లేదు కాబట్టి అది నాకు సమ్మతమే. మర్నాడు పిచ్చర్ డేవిడ్ బెడ్నార్‌ని యాంకీస్‌కిచ్చారు, మన పక్కనే మార్స్ అనే ఊరి స్కూల్లో చదివిన పిల్లాడు. వాకర్ తర్వాత ఇతను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారే, మన టీమ్‌కి అది బాగా ఒంటబట్టింది. అమ్మితే అమ్మారు, ఆ డబ్బు ఎటు పెడతారన్నదే నా ప్రశ్న. ఫ్రీ ఏజెంట్‌కి, అంటే కాంట్రాక్ట్ అయిపోయి ఎక్కడికైనా వెళ్లగలవాడికి, ఈ టీమ్ ఇచ్చిన అతి పెద్ద మొత్తం 2014 డిసెంబర్‌లో పిచ్చర్ లిరియానోకి ఇచ్చిన 3.9 కోట్లు. పదకొండేళ్లయింది చిన్నా, దాన్ని దాటిన సంతకం ఇంకోటి లేదు. పదకొండేళ్లలో పాల ధర ఎంత పెరిగిందో నీకు తెలుసు. ఏప్రిల్‌లో మన ఊళ్లో జరిగిన మొదటి మ్యాచ్‌కి జనం టీమ్ అమ్మెయ్యమని అరిచారంటే ఊరికే అరవలేదు. నేను అరవలేదు కానీ వాళ్లనేమీ తప్పుపట్టను.

నాకేం కావాలో చెబుతాను, పెద్ద కోరికలేం కావు. స్కీన్స్‌ని ఎవరు ఎంత ఆశ చూపినా ఇవ్వకూడదు. పిచ్చర్లు మనకి దండిగా ఉన్నారు, వాళ్లలో ఒకర్నిచ్చి బ్యాట్ పట్టేవాణ్ని తెచ్చుకోవాలి, ఇంకొకణ్ని డబ్బు పెట్టి కొనాలి. కానర్ గ్రిఫిన్ అని నీ ఈడువాడే, 2006 ఏప్రిల్‌లో పుట్టాడు, కింది లీగుల్లో ఈ ఏడాది 21 హోమ్ రన్‌లు, పరుగెత్తి దొంగిలించిన బేస్‌లు 65, అతన్ని తొందరపెట్టకుండా, అలాగని జీతం లెక్క కోసం కావాలని ఆపకుండా పైకి తేవాలి. మెకచెన్ సంగతి మాత్రం నాకు తేలడం లేదు. 2023 ఏప్రిల్ 7న తిరిగొచ్చిన రోజు గుర్తుందా, మొత్తం స్టేడియం లేచి నిలబడింది, నువ్వు ఆ పాత జెర్సీ పట్టక భుజాల మీద కప్పుకున్నావు. ఇప్పుడు 39 నిండాయి, ఈ జూన్‌లో పైరేట్‌గా మన పాతకాలం హీరో రొబెర్టో క్లమెంటే హోమ్ రన్‌ల లెక్కని కూడా దాటాడు. ఇంకో ఏడాది ఉంచమని నా మనసు అంటోంది. రోజూ మొదటి తొమ్మిది మందిలో పెట్టమని మాత్రం అనలేను, ఆ చోటు ఇంకొకరికి కావాలి.

క్లమెంటే అంటే గుర్తొచ్చింది. నీ డాడ్జర్స్ వాళ్లు అతన్ని మాంట్రియల్‌లో కింది టీమ్‌లో దాచిపెట్టుకుంటే, 1954 నవంబర్‌లో మనవాళ్లు కనిపెట్టి 4,000 డాలర్లకి లాక్కొచ్చారు. అప్పుడు కూడా మనది చిన్న టీమే, అట్టడుగున ఉన్న టీమ్ కాబట్టే మొదట ఎంచుకునే వంతొచ్చింది. ఆదివారం పెన్ హిల్స్ గుడిలో దర్శనం చేసుకుని, కారులోనే పులిహోర తిని, అతని పేరున్న వంతెన మీద నడుస్తూ మ్యాచ్‌కి వెళ్లేవాళ్లం. స్టేడియంలో రైట్ ఫీల్డ్ గోడ 21 అడుగులుండేది అతని జెర్సీ నంబర్ 21 కాబట్టేనని నాకు చెప్పింది నువ్వే, ఆరేళ్లప్పుడు.

టికెట్ ప్లాన్ రెన్యూ చెయ్యమని మెయిల్ వచ్చింది, ఇంకా కట్టలేదు. మీ నాన్న కట్టేద్దామంటున్నారు, డిసెంబర్ దాకా ఆగి ఒక్క బ్యాట్ అయినా కొంటారేమో చూద్దామంటున్నాను నేను. ఎప్పుడూ మూడు సీట్లు తీసుకునేవాళ్లం. నీ సీటు సంగతి ఏం చెయ్యమంటావు, వేసవిలో ఎన్ని వారాలుంటావు? ఆదివారం పొద్దున్న ఫోన్ చెయ్యి, నువ్వు చెప్పాకే కడతాను.

అమ్మ